ముందు చెవికి, ఆ తర్వాతే కంటికి: ‘కమ్ అండ్ సీ’ సౌండ్ మీద ఒక కేస్ స్టడీ

యుద్ధం సినిమా అనగానే మా సౌండ్ స్టూడియోకి వచ్చే మొదటి మాట "అదిరిపోవాలి". తుపాకీ పేలితే సీట్లు అదరాలి, బాంబు పడితే సబ్ ఊఫర్ పగిలిపోవాలి. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. తుపాకీ పట్టుకున్నవాడి కథకు ఆ చప్పుడు కావాలి. చిక్కంతా ఆ తుపాకీకి అటూ ఇటూ ఇరుక్కుపోయిన ఊరివాళ్ళ కథ చెప్పాల్సి వచ్చినప్పుడే. అక్కడ కూడా ముందే రికార్డు చేసి పెట్టుకున్న అవే లైబ్రరీ పేలుళ్ళు, అదే బేస్, అదే ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) వాడేస్తాం. దాంతో తెర మీద ఊరు తగలబడుతున్నా, హాల్లో కూర్చున్నవాడికి మాత్రం కాలుస్తున్నవాడి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

వేరే దారి ఉందని చెప్పడానికి నేను మా అసిస్టెంట్లకు చూపించే సినిమా ‘కమ్ అండ్ సీ’. 1985 నాటి సోవియట్ సినిమా. దర్శకుడు ఎలెం క్లిమోవ్, సౌండ్ విక్టర్ మోర్స్, సంగీతం ఒలెగ్ యాంచెంకో. కెమెరామన్ అలెక్సీ రోదియోనోవ్ స్టెడీక్యామ్ (ఒంటికి కట్టుకుని కుదుపు లేకుండా తీసే కెమెరా అమరిక) పనితనం గురించీ, పాత్రలు నేరుగా లెన్స్‌లోకి చూసే క్లోజప్‌ల గురించీ ఇప్పటికే బోలెడు రాశారు. నాది సౌండ్ ఎడిటింగ్ కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తే మిగతాది సులువవుతుంది. ఈ సినిమా సౌండ్ ప్రేక్షకుణ్ణి ఎక్కడా సైనికుడి స్థానంలో నిలబెట్టదు. సైనికుడి దగ్గర మ్యాప్ ఉంటుంది, బైనాక్యులర్స్ ఉంటాయి, ఎటు కాల్చాలో చెప్పే ఆఫీసర్ ఉంటాడు. ఊరివాడికి ఉండేవి చెవులే. వచ్చేది ఏ బండి, ఎంత దూరంలో ఉంది, ఇంట్లో దాక్కోవాలా, చేలోకి పరిగెత్తాలా, అన్నీ చప్పుడును బట్టే తేల్చుకోవాలి. క్లిమోవ్, మోర్స్ మనల్ని ముందు ఆ చెవుల్లో కూర్చోబెట్టారు. తర్వాత ఆ చెవుల్నే పాడుచేశారు.

కథ ఎక్కడిది

కథా కాలం 1943, స్థలం జర్మన్ల ఆక్రమణలో ఉన్న బెలారుస్. అడవుల్లో పార్టిజన్లు, అంటే గెరిల్లాలు. వాళ్ళకు తిండి పెట్టారనో, దారి చూపారనో నెపంతో జర్మన్ దళాలు, వాళ్ళతో చేతులు కలిపిన స్థానిక పోలీసు దళాలు ఊళ్ళకు ఊళ్ళను మనుషులతో సహా తగలబెట్టాయి. అలా బుగ్గి అయిన బెలారుస్ ఊళ్ళు 628 అని సినిమా చివర అక్షరాల్లో వస్తుంది. వాటిలో బాగా తెలిసినది ఖతిన్. 1943 మార్చి 22న అక్కడ 149 మందిని చంపారు, వాళ్ళలో 75 మంది పిల్లలు.

స్క్రిప్టు క్లిమోవ్‌తో కలిసి రాసిన అలెస్ అదమోవిచ్ కుర్రతనంలో తనే పార్టిజన్. 1970ల్లో మరో ఇద్దరు రచయితలతో కలిసి ఊరూరా తిరిగి, మంటల్లోంచి బతికి బయటపడ్డవాళ్ళ మాటల్ని టేపు రికార్డర్ మీద పట్టాడు. ఆ వాంగ్మూలాలు 1975లో పుస్తకంగా వచ్చాయి. ఈ సంగతి నాకు ముఖ్యం. ఈ సినిమా పునాదిలో కెమెరా కన్నా ముందు మైకు ఉంది. దాక్కున్న మనిషి చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. అటకమీదో, గోతిలోనో నక్కినవాడి జ్ఞాపకం చాలావరకు చప్పుళ్ళ జ్ఞాపకమే.

క్లిమోవ్ కూడా బయటివాడు కాదు. చిన్నప్పుడు తల్లితో కలిసి, తగలబడుతున్న స్తాలిన్‌గ్రాద్ నుంచి వోల్గా నది దాటి బయటపడ్డాడు. ఈ స్క్రిప్టును సోవియట్ సినిమా శాఖ ఏళ్ళ తరబడి తొక్కిపెట్టింది. మొదట పెట్టిన పేరు ‘హిట్లర్‌ను చంపండి’, ఆ పేరు కూడా మార్చాల్సి వచ్చింది. ఎట్టకేలకు అనుమతి వచ్చాక షూటింగ్ దాదాపు తొమ్మిది నెలలు, కథ నడిచిన వరుసలోనే తీశారు. ప్రధాన పాత్ర ఫ్ల్యోరాగా వేసిన అలెక్సీ క్రవ్‌చెంకోకి అప్పుడు పద్నాలుగేళ్ళో ఏమో, అంతే.

ఫ్ల్యోరా ఇసకలో తవ్వి ఒక రైఫిల్ సంపాదిస్తాడు. పార్టిజన్లు వచ్చి తీసుకుపోతారు. తల్లి కాళ్ళావేళ్ళా పడినా ఆగడు. దళం మాత్రం వాణ్ణి క్యాంపులో వదిలేసి ముందుకు పోతుంది. అక్కడ గ్లాషా అనే అమ్మాయి పరిచయం. బాంబులు పడతాయి. ఇద్దరూ ఊరికి తిరిగొస్తే ఇల్లు ఖాళీ. ఆ తర్వాత ఆకలి, ఆవు కోసం వెళ్ళడం, మరో ఊళ్ళో జర్మన్లకు దొరకడం, చర్చి దహనం. కథ ఇంతే.

ఆకాశంలో విమానం

సినిమా మొదట్లోనే ఒక జర్మన్ నిఘా విమానం కనబడుతుంది. ఫోకె వుల్ఫ్ 189, రెండు తోకలది. సినిమా పొడుగునా అది మళ్ళీ మళ్ళీ వస్తుంది. అది వచ్చిందంటే పైనుంచి ఎవరో చూస్తున్నారని అర్థం. ఆ తర్వాత ఏదో ఒకటి జరుగుతుంది.

దాని చప్పుడును మోర్స్ పెట్టిన పద్ధతి చూడండి. మామూలుగా అయితే విమానం దూరం నుంచి దగ్గరకొచ్చి దాటిపోతుంది. లెవెల్ పెరుగుతుంది, పిచ్ మారుతుంది, తగ్గుతుంది. ఇక్కడ అలాంటి షేపు చాలాసార్లు ఉండదు. ఒకే మూలుగు, పల్చగా, యాంబియెన్స్ (చుట్టుపక్కల వినిపించే మామూలు చప్పుళ్ళు) అడుగున. ఎప్పుడు మొదలైందో పట్టుకోలేం. యాంచెంకో సంగీతం కూడా తాళం లేని, లయ లేని పొగమంచు సంగీతం కావడంతో ఏది విమానం, ఏది వాద్యం అన్నది తేల్చలేం. అసిస్టెంట్లను కళ్ళు మూసుకుని "విమానం ఎక్కడ మొదలైంది?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో చోట చెయ్యెత్తుతారు.

లయ లేకపోవడం అనేది పైపై సంగతి కాదు. మన ఆర్ఆర్‌లో టెన్షన్ పెంచాలంటే గుండె కొట్టుకున్నట్టు ఒక బీట్ వేస్తాం, స్పీడు పెంచుతాం. బీట్ వినగానే ప్రేక్షకుడికి ఒక భరోసా దొరుకుతుంది, ఇది ఎక్కడికో వెళ్తోంది, ఒక కొసకు చేరుతుంది అని. తాళం లేని మూలుగుకు కొస లేదు. రేపొద్దున ఏమవుతుందో తెలియని ఊరికి సరిపోయేది ఇదే.

బాంబు తర్వాత

అడవిలో పార్టిజన్ల క్యాంపు మీద బాంబులు పడే ఘట్టం సౌండ్ వాళ్ళకు బాగా తెలిసిందే. పేలుళ్ళు దగ్గరకొస్తాయి, చెట్లు కూలతాయి, ఆ తర్వాత ఫ్ల్యోరా చెవులు దిమ్మెక్కిపోతాయి. గ్లాషా నోరు కదుపుతుంది, మాట నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు ఉంటుంది. దాని మీద సన్నగా, ఆగకుండా ఒక కూత.

టెక్నికల్‌గా ఇప్పుడిది అరగంట పని. డైలాగ్ ట్రాక్‌కు లో-పాస్ ఫిల్టర్ వేసి పై ఫ్రీక్వెన్సీలు కోసేయాలి. దాని మీద కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఒక సన్నటి టోన్ పెట్టాలి. ఈ నలభై ఏళ్ళలో ప్రతి యుద్ధం సినిమా, మన తెలుగులో ప్రతి బాంబు సీనూ దీన్ని వాడేసుకున్నాయి. హీరో పడతాడు, కూత వస్తుంది, పది సెకన్లకు తల విదిలించుకుంటాడు, సౌండ్ మామూలవుతుంది. హీరో లేస్తాడు.

‘కమ్ అండ్ సీ’లో మామూలవదు. అసలు తేడా అంతా ఇక్కడుంది. వర్షం వస్తుంది, గ్లాషా తడుస్తూ డాన్స్ చేస్తుంది, కొమ్మల గుడిసెలో పడుకుని లేస్తారు, ఊరికి వెళ్తారు. కూత తగ్గుతుందే కానీ పూర్తిగా వదలదు. పక్షుల కూతలు కూడా వంకరగానే వినిపిస్తాయి. డాన్స్ సీనులో అప్పటి ఒక సోవియట్ సినిమా పాట ముక్కలు తేలి వస్తాయి. అది ఆ అడవిలో ఎవరూ వాయిస్తున్నది కాదు. గ్లాషా బుర్రలోదా, ఫ్ల్యోరా చెవులు కల్పించిందా అన్నది సినిమా చెప్పదు.

వైద్యపరంగా కూడా ఇదే నిజానికి దగ్గర. పెద్ద పేలుడు పక్కన ఉన్నవాడి వినికిడి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది సర్దుకోవడానికి. కొందరికి సర్దుకోదు. ఆ కూత జీవితాంతం ఉండిపోతుంది. దాన్ని పది సెకన్ల ఎఫెక్ట్‌గా వాడితే అది అలంకారం. రీళ్ళకు రీళ్ళు మోస్తే అది పాత్ర.

కథ వైపు నుంచి చూస్తే ఇంకా పెద్ద నష్టం. చెవులే ఆధారంగా బతకాల్సిన పిల్లవాడు ఆ చెవులు పోగొట్టుకుని ఊరికి వస్తున్నాడు.

ఈగలు

నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. ఫ్ల్యోరా, గ్లాషా ఇంట్లోకి వస్తారు. అమ్మ లేదు, కవల చెల్లెళ్ళు లేరు. పొయ్యిలో సూపు ఇంకా వెచ్చగానే ఉంది. ఫ్ల్యోరా తీసి వడ్డిస్తాడు, తింటాడు. నేల మీద చెల్లెళ్ళ బొమ్మలు వరసగా పడి ఉన్నాయి.

ట్రాక్‌లో ఏముంది? ఈగల జుమ్ము. సంగీతం ఊదరగొట్టడం లేదు, తలుపు కిర్రుమని భయపెట్టడం లేదు. ఈగలు. మొదట పల్లెటూరి వంటింట్లో ఉండే మామూలు ఈగలే అనిపిస్తాయి, ఎండాకాలం, తిండి ఉంది, ఉంటాయి కదా అని. క్రమంగా అవి ఆ ఒక్క గిన్నెకు ఎక్కువ అనిపించడం మొదలవుతుంది. గ్లాషాకు ముద్ద దిగదు. ఆ పిల్ల ముఖం చూస్తే తెలుస్తుంది, మనం విన్నదే తనూ విందని. ఫ్ల్యోరా మాత్రం తింటూనే ఉంటాడు. వాడి చెవుల్లో కూత ఉంది కాబట్టి వినపడలేదా, వినపడినా వినదల్చుకోలేదా?

ఒక్క ఫ్రేమ్‌లో ఇద్దరు మనుషులు, ఇద్దరి చెవులు వేరు. మనకు గ్లాషా చెవులు ఇచ్చి, ఫ్ల్యోరా ముఖం చూపిస్తున్నారు. సస్పెన్స్ అంటే మన దగ్గర ప్రేక్షకుడికి తెలిసి పాత్రకు తెలియకపోవడం అని పాఠం చెబుతాం. ఇక్కడ ఆ పని మొత్తం ఒక కీటకం చప్పుడు చేసింది. శవం చూపించలేదు, ఒక్క మాటా చెప్పలేదు.

తర్వాత ఫ్ల్యోరా, వాళ్ళంతా ఎక్కడున్నారో నాకు తెలుసు అంటూ చిత్తడి మధ్య ఉన్న దిబ్బవైపు పరిగెత్తుతాడు. వెనకాలే గ్లాషా. పరుగులో ఒక్కసారి వెనక్కి తిరుగుతుంది. ఇంటి గోడ వెనక శవాల గుట్ట. ఎంతసేపు కనిపిస్తుందో తెలుసా, రెప్పపాటు. ఆ షాట్ మీద "ఢాం" అని ఒక స్టింగ్ వేయకుండా ఉండటానికి ఎంత నిగ్రహం కావాలో మిక్సింగ్‌లో కూర్చున్నవాళ్ళకు తెలుసు. ఈగలు అప్పటికే చెప్పేశాయి. కన్ను వెళ్ళి సంతకం పెట్టింది, అంతే.

ఈ సీను మీద మా దగ్గర ఒక పని చేయిస్తాను. కాగితం మీద మూడు గడులు గీయాలి: కుర్రాడు వింటున్నది, కుర్రాడు చూస్తున్నది, మనకు తెలిసినది. నిమిషం నిమిషానికి నింపుకుంటూ పోవాలి. ఇంట్లోకి అడుగు పెట్టినప్పుడు మూడూ ఒకటే. బయటకు వచ్చేసరికి మూడు గడుల్లో మూడు రకాల మాటలు ఉంటాయి. స్క్రిప్టు రాసేవాళ్ళు కూడా ఒకసారి ఇది చేసి చూడాలని నా కోరిక.

చిత్తడి దాటే సీను సంగతి క్లుప్తంగా. గొంతుదాకా బురద, ఇద్దరూ ఈడ్చుకుంటూ వెళ్తారు. ఫోలీ, అంటే మనిషి కదలికలకు స్టూడియోలో చేసి కలిపే చప్పుళ్ళు, చాలా దగ్గరగా, ఊపిరి, మూలుగు, బురద పీల్చే చప్పుడు. ఇప్పటిదాకా దూరం నుంచి వచ్చిన చప్పుళ్ళే భయపెట్టాయి. ఇక్కడ మొదటిసారి ఒంటికి అంటుకున్న చప్పుడు. బయటపడ్డాక గ్లాషా అరిచి చెప్పేస్తుంది, వాళ్ళంతా చనిపోయారని.

తూటా ఎలా వినిపిస్తుంది

చావు తప్పించుకుని ఆ దిబ్బ మీద ఆకలితో ఉన్న ఊరివాళ్ళ కోసం ఫ్ల్యోరా ఇంకొందరితో కలిసి వెళ్ళి ఒక ఆవును తోలుకొస్తుంటాడు. చీకట్లో బయలు మీద మెషిన్‌గన్ కాల్పులు. తోటివాడు పోతాడు, ఆవు పోతుంది. ఈ షూటింగులో నిజం తూటాలు వాడారని, అవి తన తలకు కాస్త పైనుంచే పోయేవని క్రవ్‌చెంకో తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అలా తీయడం సరైందని నేను అనను. ఒక పిల్లవాణ్ణి అక్కడ పడుకోబెట్టి తీసే హక్కు ఏ సినిమాకూ లేదు.

సౌండ్ వైపు మాత్రం ఇందులో నేర్చుకోవాల్సింది ఉంది. రైఫిల్ తూటా సెకనుకు 800 మీటర్ల దాకా పోతుంది. శబ్దం పోయేది 340 మీటర్లు. అంటే 300 మీటర్ల దూరం నుంచి ఎవరైనా మీవైపు కాలిస్తే, ముందు మీ తల పక్కన కొరడా విదిల్చినట్టు ‘చట్’ అంటుంది, అది తూటా గాలిని చీల్చుకుపోయిన చప్పుడు. అరసెకను గడిచాక ఎక్కడో ‘ధబ్’ అని తుపాకీ వినిపిస్తుంది. కాల్చేవాడికి వినిపించేది ‘ధబ్’. కాల్పులకు గురయ్యేవాడికి ముందు వినిపించేది ‘చట్’. మన సినిమాల్లో తుపాకీ పేలిన ప్రతిసారీ, ఎవరి వైపు నుంచి చూపిస్తున్నా, ‘ధబ్’ మీద బేస్ కలిపి వేస్తాం. అంటే ఊరివాడు పరిగెత్తే షాట్‌లో కూడా మనం విన్నది కాల్చేవాడి చెవితో. ఎవరి పక్కన నిలబడ్డామో ఆ ఒక్క ఎఫెక్ట్ తేల్చేస్తుంది.

చర్చి

దహనం ఘట్టం గురించి రాయడం కష్టం, వినడం ఇంకా కష్టం. పొగమంచులోంచి బళ్ళ చప్పుడు ముందు వస్తుంది, మనుషులు తర్వాత కనిపిస్తారు. ఊరివాళ్ళందర్నీ ఒక చెక్క చర్చిలోకి తోలుతారు. పిల్లల్ని వదిలేసి రాగలిగినవాళ్ళు బయటకు రావచ్చని ఒక ఆఫీసర్ అంటాడు. ఫ్ల్యోరా కిటికీలోంచి బయటపడతాడు. తర్వాత గ్రెనేడ్లు, మంట.

నాకు పాఠం అయినది అరుపుల లేయర్ కాదు. బయట ఉన్న లేయర్. సైనికులు తిరనాళ్ళకు వచ్చినట్టు ఉంటారు. నవ్వులు, పాటలు, కుక్కల మొరుగుళ్ళు, లౌడ్‌స్పీకర్, చప్పట్లు. ఫొటోలు దిగుతారు. ఒక ఆఫీసర్ భుజం మీద లోరిస్ ఉంటుంది, మన దేవాంగపిల్లికి చుట్టమైన చిన్న జంతువు. కోపంగా అరుస్తూ చంపుతుంటే మనం దాన్ని యుద్ధం అనుకుని ఊరుకునేవాళ్ళం. పండగ చేసుకుంటూ చంపుతుంటే మనసు ఎక్కడ నిలవాలో తెలియదు.

మిక్స్‌లో లోపలి అరుపులు, బయటి సందడి ఒకదాన్నొకటి తినేయకుండా ఉంచారు. సాధారణంగా అయితే అరుపులు పెంచి మిగతావి తగ్గిస్తాం, లేదా అన్నీ మ్యూట్ చేసి ఒక వయొలిన్ పెడతాం. వయొలిన్ రాగానే ప్రేక్షకుడికి ఏడ్చే వీలు దొరుకుతుంది, ఏడిస్తే బరువు దిగుతుంది. ఇక్కడ ఆ వీలు ఇవ్వలేదు.

అంతా అయ్యాక, సైనికులు చెరిచి వదిలేసిన ఒక అమ్మాయి తూలుతూ వస్తుంది. నోట్లో ఈల. ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా ఈల మోగుతుంది. డైలాగ్ లేదు, ఏడుపు లేదు. ఆటల్లో, బడిలో, ట్రాఫిక్‌లో విని ఎరిగిన చప్పుడు. ఒక సౌండ్ ఎఫెక్ట్ మొత్తం ఒక వాంగ్మూలం ఇవ్వగలదని నేను నమ్మింది ఈ సీను చూశాకే.

ఆ తర్వాత జర్మన్లు పార్టిజన్లకు చిక్కుతారు. అక్కడ సైనికుల గొంతులు మొదటిసారి మనుషుల సైజుకు వస్తాయి. ఇంతసేపూ లౌడ్‌స్పీకర్లోనో, గుంపు నవ్వులోనో విన్న జర్మన్ భాష ఇప్పుడు ఒక ముసలి కమాండర్ వణుకుతూ, నేనెవరికీ హాని చేయలేదని బతిమాలే గొంతు. దుబాసీ దాన్ని మార్చి చెబుతాడు. ఇంకో ఆఫీసర్ మాత్రం బతిమాలడు. కొన్ని జాతులకు బతికే హక్కు లేదని అదే మామూలు గొంతుతో చెబుతాడు. వెనక సంగీతం పెట్టి వాణ్ణి రాక్షసుణ్ణి చేయలేదు. వాక్యం చాలు.

నాకు నచ్చనిది

అందరూ మెచ్చుకునే చివరి ఘట్టం నాకు సగమే నచ్చింది. నీటి మడుగులో పడి ఉన్న హిట్లర్ చిత్రపటాన్ని ఫ్ల్యోరా కాలుస్తాడు. ఒక్కో తూటాకు న్యూస్‌రీల్ వెనక్కి పరిగెడుతుంది, చివరికి తల్లి ఒళ్ళో పసిపిల్లాడు. ఫ్ల్యోరా కాల్చలేకపోతాడు. ఆలోచన గొప్పదే. దాని మీద హిట్లర్ మెచ్చిన జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ సంగీతం మాత్రం తేలికైన ఎంపిక. నాజీలు అనగానే వాగ్నర్ అన్నది అప్పటికే అరిగిపోయిన దారి. ఆ తర్వాత పార్టిజన్లు అడవిలోకి నడుస్తుంటే మోజార్ట్ రెక్వియం, అంటే చనిపోయినవాళ్ళ కోసం పాడే ప్రార్థన సంగీతం, వస్తుంది. రెండు గంటలకు పైగా మనకు ఊరట ఇవ్వని సినిమా, ఆఖర్న చర్చి గానంతో తల నిమిరినట్టవుతుంది. అన్ని చప్పుళ్ళ తర్వాత ఆ మనుషుల అడుగులు మాత్రమే వింటూ బయటకు రావాల్సింది అని నా మనసులో ఉంటుంది. మా అసిస్టెంట్లలో ఒకమ్మాయి ఒప్పుకోదు. "ఆ మాత్రం కూడా ఇవ్వకపోతే ఎవరు బతుకుతారు సార్?" అంటుంది. ఆమె మాటా కొట్టిపారేయలేను.

మా పనిలోకి వచ్చినప్పుడు

ఈ మధ్య ఒక చిన్న సినిమాకు సౌండ్ చేశాను. 1990ల ఉత్తర తెలంగాణ ఊరు, రాత్రి అన్నలు, పగలు పోలీసులు, మధ్యలో ఒక కుటుంబం. పెద్ద బడ్జెట్ కాదు. రికార్డింగ్ కోసం ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఒక అవ్వను అడిగాను, అప్పట్లో రాత్రిళ్ళు ఏం వినపడేదని. "కుక్కలు బిడ్డా" అంది. "ఊరవతల కుక్క మొరిగితే దీపం ఊదేటోళ్లం. వాడకుక్క అందుకున్నదంటే పిల్లగాండ్ల నోరు మూసేటోళ్లం. మన వాకిట్ల కుక్క ఊకున్నదనుకో, ఇగ ఎరుకున్నోడే వచ్చిండని. ఎరుకున్నోడైనా భయమే." తర్వాత తనే చెప్పింది, బూటు చప్పుడుకూ రబ్బరు చెప్పుల చప్పుడుకూ తేడా చీకట్లో ఎలా తెలిసేదో.

ఆ ఒక్క మాట మీద మొత్తం రాత్రి సీను కట్టాం. మూడు కుక్కలు, మూడు దూరాలు. ఊరవతలిది బాగా పల్చగా, ప్రతిధ్వనితో. వాడలోది మిట్టమధ్యలో. వాకిట్లోది తడిగా, ఊపిరితో సహా. జీపు లేదు, తుపాకీ లేదు. కెమెరా దీపం మీద, తల్లి ముఖం మీద. మూడో కుక్క మొరగడం ఆపేసిన చోట సీను కట్.

ఫైనల్ మిక్స్‌లో దర్శకుడు కుర్చీలో కదిలాడు.

"అన్నా, ఇక్కడ ఖాళీగా లేదూ? కింద ఏదన్నా డ్రోన్, అదే ఆగకుండా సాగే ఒక మూలుగు, ఫిల్ చేద్దామా?"

"ఖాళీ ఎక్కడుంది తమ్ముడూ? మూడు కుక్కలున్నాయి."

"జనానికి అర్థమవ్వదేమో అన్నా."

‘కమ్ అండ్ సీ’లోని ఈగల సీను వేసి చూపించాను. చూశాక ఆ రాత్రి సీనులో డ్రోన్ మాట ఎత్తలేదు. సెకండ్ హాఫ్‌లో ఎన్‌కౌంటర్ సీనుకు మాత్రం ఆర్ఆర్ కావాల్సిందే అన్నాడు. బేరం కుదిరింది. ఆ ఆర్ఆర్‌లో బీట్ ఉండకూడదని నేను అడిగాను, మ్యూజిక్ డైరెక్టర్ నా మొహం చూసి నవ్వి, సగం ఒప్పుకున్నాడు. తూటాల్లో మాత్రం రాజీ పడలేదు. ఊరివాళ్ళ షాట్ల మీద ‘చట్’ ముందు, ‘ధబ్’ వెనక. పోలీసుల వైపు షాట్లలో తిరగేసి.

ఈ పద్ధతిలో పని చేయాలనుకునేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ సినిమాను ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. విమానం మూలుగు ఉండేది కింది ఫ్రీక్వెన్సీల్లో, ఫోన్‌లో అది మాయమైపోతుంది, సినిమా సగం పోతుంది. 2017లో మోస్‌ఫిల్మ్ పునరుద్ధరించిన ప్రింటు దొరికితే అదే చూడండి, హెడ్‌ఫోన్ కన్నా మంచి స్పీకర్ల మీద. రెండోది మన హాళ్ళ సంగతి. నిశ్శబ్దం మీద ఆధారపడే సీను కట్టేటప్పుడు ఏసీ మోత, ఫ్యాన్ల మోత లెక్కలోకి తీసుకోవాలి. మా మూడు కుక్కల్లో ఊరవతలి కుక్కను మొదట సరౌండ్ స్పీకర్లలో పెట్టాం. టెస్ట్ షో వేసిన ఒక హాల్లో వెనక స్పీకర్లు సగం పనిచేయడం లేదు, కుక్క అసలు వినపడలేదు. దాంతో దాని కాపీ ఒకటి తక్కువ లెవెల్‌లో ముందు స్పీకర్లలోకి కూడా లాగాం. దిక్కు కొంచెం పోయింది, కానీ కుక్క దక్కింది.